రెండో లైను కోసం కొట్లాడిన మా లేఅవుట్ సార్

మా లేఅవుట్ సార్ పోయారని పోయిన సోమవారం మధ్యాహ్నం తెలిసింది. బెంగళూరు మహదేవపురలో మా ఆఫీసు క్యాంటీన్‌లో అన్నం ముందు కూర్చుని ఉన్నాను. పాత కంపెనీలో నాతో పనిచేసిన కన్నడ స్నేహితురాలు ఫోన్ చేసింది. "సార్ హోగ్బిట్రు," అని ఏడ్చింది. పొద్దున నడకకు వెళ్లొచ్చి, కుర్చీలో కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటూ అలాగే పక్కకి ఒరిగిపోయారట. నొప్పి అని కూడా అనలేదట.

సాయంత్రానికి పాత కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. అక్కడ పనిచేసి మానేసిన వాళ్లందరికీ పంపారు. "మన డాక్యుమెంట్లను అందంగా తీర్చిదిద్దిన సీనియర్ సహోద్యోగి" ఇక లేరని అందులో ఉంది. చదవగానే ఒళ్లు మండిపోయింది. అంతదాకా రాని ఏడుపు ఆ కోపంలో వచ్చింది. అందం అన్న మాట వింటేనే ఆయనకి చిరాకు. ఎవరైనా "పేజీ అందంగా వచ్చింది సార్" అంటే, "పెండ్లికి పోతా ఉండాదా ఏమి పేజీ?" అని అడిగేవారు. ఆయన ఏళ్ల తరబడి కొట్లాడింది అందం కోసం కాదు. ఆ సంగతి ఆ మెయిల్ రాయించిన వాళ్లకి బాగా తెలుసు. తెలిసే అలా రాశారు. అందుకని ఇది రాస్తున్నాను.

తొంభైల చివర్లో నేను కర్నూలు నుంచి వచ్చి ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర ఒక కంపెనీలో తెలుగు అనువాదకురాలిగా చేరాను. మిషన్లు తయారుచేసేవాళ్లు తమ మిషన్ ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు మాకు ఇచ్చేవాళ్లు. ఆ మ్యాన్యువళ్లని మేం ఇంగ్లీషు నుంచి తెలుగు, కన్నడ, తమిళాల్లోకి మార్చేవాళ్లం. మార్చినదాన్ని కంప్యూటర్‌లో పేజీలుగా అమర్చే సెక్షన్‌కి ఆయన పెద్ద. అందుకే లేఅవుట్ సార్ అయ్యారు.

తాతల కాలంలో బెంగళూరు పాతపేటలో స్థిరపడిన తెలుగు కుటుంబం ఆయనది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఆఫీసులో కోపమొస్తే రెండూ. మా దగ్గరికి రాకముందు ఒక ఫ్యాక్టరీలో డ్రాయింగ్ ఆఫీసులో పనిచేశారు. అక్కడ గీసిన గీత వెంట్రుకవాసి తప్పితే కింద మిషన్ మీద ఇనుము తప్పుగా తెగేది. ఆ భయం ఆయన కళ్లలో ఎప్పుడూ పోలేదు. మా ప్రింటర్ నుంచి పేజీ రాగానే దాన్నీ దాని ముందు పేజీనీ కలిపి కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తి పట్టుకునేవారు. రెండు పేజీల్లో హెడింగులు ఒకే చోట మొదలవ్వాలి. లేదంటే ఆ పేజీ ఎవరు చేశారో వాళ్ల టేబుల్ మీదికి వచ్చి పడేది. ఆ పడటంలో చప్పుడు కూడా ఉండేది.

చేరిన కొత్తలో నాకూ పడింది. మనుషులు చాలక అనువాదకులతో కూడా పేజీలు చేయించేవాళ్లు. హెడింగు పొడుగైతే రెండో లైను వెళ్లి, ముందున్న నంబరు కింద కూర్చునేది. మేమందరం స్పేస్‌బార్ కొట్టి కొట్టి దాన్ని కుడివైపుకి జరిపేవాళ్లం.

"ఎవురమ్మా ఇది చేసిండేది?"

"నేనే సార్. సరిగ్గానే ఉంది కదా?"

"ఇప్పుడు ఉండాది. చూస్తా ఉండు," అని నా పక్కన కుర్చీ లాక్కుని, అక్షరం సైజు కొంచెం పెంచారు. అంతే, నేను జరిపిన ప్రతి రెండో లైనూ తలా ఒక దిక్కుకి పోయింది. ఒకటి నంబరు కింద, ఒకటి పేజీ మధ్యలో.

"సుమ్నే, ఊరికే తోసినావు. నిలబెట్టలేదు," అన్నారు.

తర్వాత ఎలా నిలబెట్టాలో చూపించారు. హెడింగుని రెండు గదులుగా అనుకోవాలి. ఎడమ గది నంబరుది. అందులోకి మాట రాకూడదు. కుడి గది మాటలది. హెడింగు ఎన్ని లైన్లు పోయినా ప్రతి లైనూ ఆ గది గోడ దగ్గరే మొదలవ్వాలి. నంబరు గది ఎంత ఉండాలంటే, పుస్తకంలోకల్లా పొడుగు నంబరు పట్టేంత. "మొదటి అధ్యాయం చూసి గది కడితే తొమ్మిదో అధ్యాయంలో ఇల్లు కూలతాది," అనేవారు. ఒకటి చుక్క రెండు ఇరుకు గదిలో ఇమిడిపోతుంది. తొమ్మిది చుక్క నాలుగు చుక్క పది ఇమడదు. నంబరు గోడ దాటుతుంది, మాటలు ముందుకి గెంటుకుపోతాయి, చివరి మాట కిందికి జారుతుంది. ఇదంతా సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి సరిగ్గా పెడితే పుస్తకమంతా దానంతటదే నిలబడుతుంది. అలా ముందే పెట్టి ఉంచిన అచ్చుని టెంప్లేట్ అంటారు.

మా కంపెనీలో టెంప్లేట్ ఇంగ్లీషు కోసం చేసింది. తెలుగుకీ కన్నడానికీ దాన్నే తొడిగేవాళ్లు. ఇంగ్లీషులో నాలుగు మాటల హెడింగు తెలుగులో ఏడు మాటలయ్యేది. పట్టక రెండో లైనుకి పోయేది, పోయి నంబరు కింద పడేది. సార్ ప్రతి మీటింగులోనూ అడిగేవారు. ప్రతి మీటింగులోనూ నవ్వేవాళ్లు. మా ప్రొడక్షన్ మేనేజర్‌కి ఇది ఒక జోకు. "సార్‌కి మళ్లీ రెండో లైను పట్టుకుంది," అనేవాడు.

సార్‌కి ఇంకో అలవాటుండేది. కంపెనీ బస్సు హెబ్బగోడి మీదుగా పోయేది. అక్కడ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు అద్దె గదుల్లో ఉండేవాళ్లు. మ్యాన్యువల్ పూర్తయ్యే ముందు ఆయన పొద్దున్నే అక్కడ దిగిపోయి, టీ కొట్టు దగ్గర షిఫ్టుకి పోయేవాళ్ల చేతిలో పేజీలు పెట్టి చదవమనేవారు. వాళ్లు హెడింగులు మాత్రమే చదివి పేజీ తిప్పేసేవాళ్లు. కింద ఉన్న వివరం ఎవరూ చదవరు. నేనొకసారి దీని మీద విసుక్కుంటే సార్ నా మీద విసుక్కున్నారు.

"వాని చెయ్యి మిషన్ మీద ఉంటాది. కన్ను మాత్రం స్వల్ప పుస్తకం మీదికి వస్తాది. ఆ స్వల్పలో మనం చెప్పాల్సింది చెప్పేయాల. వాన్ని తప్పు పట్టేదానికి మనం ఎవురు?"

ఇక అసలు సంగతి.

రెండు వేల సంవత్సరం దాటాక ఒక స్టెరిలైజర్ మ్యాన్యువల్ వచ్చింది. ఆసుపత్రుల్లో ఆపరేషన్ పనిముట్లని వేడి ఆవిరితో శుభ్రం చేసే పెద్ద ఇనుప పెట్టె అది. ఆంధ్రాలో చిన్న చిన్న ఊళ్ల ఆసుపత్రులకి పోతోంది కాబట్టి తెలుగులో కావాలన్నారు. పుస్తకంతోపాటు, పెట్టె పక్కన గోడకి తగిలించడానికి ఒక అట్ట కూడా అడిగారు. ఆ అట్ట మీద పుస్తకంలోని హెడింగులు మాత్రమే ఉంటాయి. వివరం ఉండదు.

అందులో ఒక హెడింగు నేను ఇలా రాశాను: "ప్రెషర్ ముల్లు సున్నాకు రాగానే తలుపు తెరవడం ప్రమాదం." ముల్లు సున్నా చూపించినా లోపల కొంతసేపు ఆవిరి నిలిచి ఉంటుంది. ఆగి తెరవాలి. దాని నంబరు తొమ్మిది చుక్క నాలుగు చుక్క పది.

సార్ ఈసారి ఎవర్నీ అడక్కుండా తెలుగు కోసం వేరే టెంప్లేట్ చేసి, అట్టనీ పుస్తకాన్నీ అందులో అమర్చి స్టెరిలైజర్ కంపెనీకి పంపేశారు. మేనేజర్ దాన్ని వెనక్కి తెప్పించి, ఆయన్ని మా అందరి ముందూ నిలబెట్టి అడిగాడు.

"స్టాండర్డ్ టెంప్లేట్ ఉండగా ఇదేంటి సార్? ఇంగ్లీషులో పర్ఫెక్ట్‌గా వర్క్ అవుతోంది కదా. ఒక్క లాంగ్వేజ్‌కి సెపరేట్‌గా చేస్తే డెడ్‌లైన్ ఎవరు చూస్తారు?"

"ఇంగ్లీషోడు వద్దనే మాట ముందు పెడతాడప్పా," అన్నారు సార్. "డు నాట్ అని మొదలుపెడతాడు. వాని రెండో లైను యాడికి పోయినా మొదటి లైనే వాన్ని ఆపతాది. మన తెలుగులో వద్దనేది చివర్లో వస్తాది. ఇక్కడ చూడు, ప్రమాదం అనేది ఆఖరి మాట. మీ టెంప్లేట్‌లో అది కిందికి జారి నంబరు కింద పడతాది. పడితే దాన్ని ఎవురు చూస్తారు?"

తెలుగు నా సొంత భాష. అనువాదం నా ఉద్యోగం. అయినా ఆ సంగతి నేనెప్పుడూ అలా ఆలోచించలేదు. ఆ గదిలో మేనేజర్‌కి కూడా అర్థమైందనే నా నమ్మకం. కానీ అర్థం కావడం అతని పనిలో లేదు. "నోటెడ్ సార్," అన్నాడు. సార్ చేసినదాన్ని పక్కన పెట్టించి, వేరేవాళ్ల చేత పాత టెంప్లేట్‌లోనే మళ్లీ చేయించాడు. సార్‌కి చూపించకుండానే పంపించేశాడు.

ఆయన చెప్పినట్టే జరిగింది. అట్ట మీద "ప్రమాదం" అన్న మాట ఒంటరిగా ఎడమ అంచుకి వచ్చి నంబరు కింద పడింది. క్లయింట్ ఆఫీసులో చివరిసారి చూసిన ఆయనకి తెలుగు రాదు. అక్కడ ఎందుకుందో తెలియని మాట ఒకటి కనిపించింది. మిగిలిపోయిన ముక్క అనుకుని ఎర్ర పెన్నుతో కొట్టేశాడు. మావాళ్లు మారుమాట్లాడకుండా తీసేశారు. అచ్చయి వచ్చిన అట్ట మీద మిగిలింది ఇది: "ప్రెషర్ ముల్లు సున్నాకు రాగానే తలుపు తెరవడం."

చదివి చూడండి. తప్పేమీ కనిపించదు. ఇలా చెయ్యాలి అని చెబుతున్నట్టే ఉంటుంది.

కొన్ని నెలలకి, సరిహద్దు అవతల, ఆంధ్రాలో ఒక ఊరి ఆసుపత్రిలో పనిచేసే ఆయమ్మ, అట్ట మీద ఉన్నట్టే, ముల్లు సున్నాకి రాగానే తలుపు తెరిచింది. ఆవిరి ఆమె చేతుల మీదికీ మెడ మీదికీ వచ్చింది. ప్రాణం దక్కింది. చర్మం దక్కలేదు.

స్టెరిలైజర్ కంపెనీ ఇంజనీరు ఆ అట్ట పట్టుకుని మా ఆఫీసుకి వచ్చాడు. మీటింగు పెట్టారు. అనువాదకురాలిగా నన్నూ పిలిచారు. మొదట వచ్చిన అనుమానం నా మీదే, అనువాదంలోనే ఆ మాట వదిలేశానేమోనని. నేను పంపిన కాపీ తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆఖరి మాట అందులో ఉంది. అప్పుడు మేనేజర్ గొంతు సవరించుకుని, "ఇట్స్ ఎ ఫార్మాటింగ్ ఇష్యూ. అయినా బేసికల్లీ ఇది యూజర్ ఎర్రర్. వాళ్లకి ట్రైనింగ్ ఇవ్వాలి కదా," అన్నాడు.

సార్ లేచి నిలబడ్డారు. కేకలేస్తారనుకున్నాను. వెయ్యలేదు.

"ఆయమ్మ చదువుకునింది. చదివినట్లే చేసింది. ఇందులో ఆయమ్మ తప్పు ఏముండాదో చెప్పప్పా," అన్నారు. "మిగతా ఊళ్లలో ఈ అట్ట ఇప్పుడు కూడా గోడకి ఉండాది. ఈ రోజే తీయించాల."

"నెక్స్ట్ ప్రింటింగ్‌లో కరెక్ట్ చేద్దాం సార్," అన్నాడు మేనేజర్.

నెక్స్ట్ ప్రింటింగ్ అన్నాడు. ఒక మనిషి చేతులు ఉడికిపోవడానికి కారణమైన అట్ట బల్ల మీద ఉండగా, దాని పక్కన టీ కప్పు పెట్టుకుని ఆ మాట అన్నాడు. అక్కడ నలుగురు పెద్దవాళ్లున్నారు. నేను సార్ చెప్పింది నిజమని, వెంటనే తీయించాలని అన్నాను. నన్ను బయట కూర్చోమన్నారు.

ఆ శనివారం సార్ ఒక్కరే బస్సెక్కి ఆ ఊరు వెళ్లారు. ఆమె వార్డులో పడుకుని ఉంది. అప్పటికే ఆసుపత్రి పెద్దలు ఆమె నిర్లక్ష్యం వల్లే జరిగిందని, ఉద్యోగంలోంచి తీసేయాలని అనుకుంటున్నారు. ఆమె ఈయన్ని అడిగిందట, "అందరూ నాదే తప్పంటాండారు సార్. నేనేం తప్పు చేసినాను?" అని. ఈ ఒక్క మాట చెప్పేటప్పుడు సార్ నా వైపు చూడలేదు. ఆమెకి ఏం చెప్పారని నేను అడిగితే, "నీది కాదు తల్లీ, మాది అని చెప్పినా. వాళ్ల పెద్ద డాక్టరుకి కూడా అదే రాసిచ్చినా," అన్నారు. అట్ట తప్పుగా అచ్చయిందని, అచ్చు చేసిన సెక్షన్‌కి తానే పెద్దనని తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చి వచ్చారు. తన టెంప్లేట్ తీసేశారన్న సంగతి అందులో రాయలేదు.

"మీరు చెయ్యని తప్పు మీ మీద ఎందుకు వేసుకున్నారు సార్?" అని నేను కోప్పడ్డాను.

"ఆయమ్మ పని పోకుండా ఉండాలంటే ఎవురిదో ఒకరి పేరు ఉండాల గదా. వాళ్లెవురూ ఇయ్యరు," అన్నారు.

ఆమె ఉద్యోగం నిలిచింది. సార్‌ది నిలవలేదు. కంపెనీ పరువు తీశాడని, క్లయింట్ ముందు తలవంపులు తెచ్చాడని ఆయన్ని లేఅవుట్ నుంచి తీసి, పాత ఫైళ్లు సర్దే మూలలో కూర్చోబెట్టారు. కొన్నాళ్లు అక్కడ కూర్చుని, ఒకరోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని లేచి వెళ్లిపోయారు. వీడ్కోలు సభ కూడా పెట్టలేదు. మేం కొందరం గేటు దాకా నడిచాం, అంతే.

ఆయన వెళ్లిన కొద్ది నెలలకే తెలుగు, కన్నడ, తమిళ పుస్తకాలన్నీ సార్ చేసిన టెంప్లేట్‌లోకి మారాయి. ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఒప్పుకోలేదు. నంబరుకి దాని గది, మాటలకి దాని గది. హెడింగు రెండు లైన్లయితే ఆ రెండూ ఒకే పేజీలో ఉండేలా కట్టి పడేసిన కట్టు. ఆయన పెట్టిన కొలతలే. కొత్తగా చేరినవాళ్లకి దాన్ని కంపెనీ బెస్ట్ ప్రాక్టీస్ అని నేర్పేవాళ్లు. నేర్పుతున్నది అదే మేనేజర్. నేను ఆ గదిలో కూర్చుని విన్నాను. ఆ ఏడాదే నేనూ మానేశాను.

తర్వాత ఆయన ఇంటి దగ్గరే ఉండి, అడిగినవాళ్లకి పని నేర్పేవారు. నేను ఎప్పుడు వెళ్లినా రాగి సంకటి పెట్టించేవారు. కోపం మాత్రం తగ్గలేదు. గ్యాస్ స్టవ్‌తో వచ్చిన పుస్తకం, మందుల డబ్బాలో మడత పెట్టి వచ్చే కాగితం, అన్నీ దాచిపెట్టి నేను వెళ్లగానే ముందు వేసేవారు. "ఇది చూడు. రెండో లైను యాడుండాదో చూడు. ఎవుడికీ సిగ్గు లేదు," అనేవారు. ఆయన భార్య లోపల్నుంచి, "ఆ పాపని ముందు తిననియ్యండి," అని అరిచేది. నేను ఇప్పుడు చేస్తున్న పనిలో నాకు తెలిసినదంతా ఆయన తిడుతూ నేర్పిందే. ఆ తిట్లలో ఒక్కటి కూడా వృథా పోలేదు.

ఇదీ అందంగా తీర్చిదిద్దిన సహోద్యోగి కథ. ఆ మెయిల్‌కి నేను జవాబు రాశాను. ఇక్కడ రాసిందే అక్కడా రాశాను, కొంచెం పొట్టిగా. ఇంతవరకూ ఎవరూ పలకలేదు.

ఒక్కటి మిగిలింది. ఉద్యోగం మానేసే ముందు సార్ వరసగా శనివారాలు ఊళ్లు తిరిగారు. ఆ అట్ట ఎక్కడెక్కడికి పోయిందో ఇంజనీరు నోటితో చెబితే గుర్తుపెట్టుకుని వెళ్లేవారు. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. చిన్న ఆసుపత్రి. వెనకవైపు గదిలో స్టెరిలైజర్ నడుస్తోంది. దాన్ని చూసుకునే ఆయమ్మకి సార్ సంగతంతా చెప్పారు. ఆమె వింటూ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ నిలబడింది. సార్ స్టూలెక్కి, "ప్రమాదం" అని అచ్చు వేసి తెచ్చిన చీటీకి బంక రాసి, హెడింగు కింద అతికించారు. నంబరు కింద కాదు, పైలైను మొదటి అక్షరానికి సరిగ్గా కింద. గోడ చెమ్మగా ఉంది. అది పట్టుకునే దాకా బొటనవేలితో నొక్కిపెట్టి, తర్వాత దిగారు.

అప్పుడే పెట్టె చప్పుడు తగ్గింది. ముల్లు మెల్లగా దిగుతూ వచ్చి సున్నా దగ్గర ఆగింది. ఆయమ్మ అలవాటుగా తలుపు పిడి వైపు చెయ్యి చాచింది. చాచి, గోడ వైపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. స్టూలు జరుపుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సార్ గడప మీద కూర్చున్నారు. నేను ఆయన పక్కన కూర్చున్నాను. బయట ఎవరో పనిముట్ల కోసం కేకేశారు. ఆయమ్మ, "ఆగాల," అని ఒక్క మాట అని ఊరుకుంది. మూసి ఉన్న ఆ తలుపుని చూస్తూ ముగ్గురం అలాగే కూర్చున్నాం.